చదువు ఒక ఊళ్లో... ఓటు ఏ ఊళ్లో?
వసతిగృహాల్లోని విద్యార్థులు ఓటరుగా నమోదయ్యేదెలా?

తిరుపతి: ఊరు విడిచి వసతిగృహంలో చేరిన విద్యార్థికి పద్దెనిమిదేళ్లు నిండగానే ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఓటు సొంత ఊళ్లో ఉంచుకోవాలా, చదువుకుంటున్న చోట నమోదు చేయించుకోవాలా? సరైన సమాధానం తెలియక రెండుచోట్లా దరఖాస్తు చేసి చిక్కుల్లో పడేవారు కొందరు. ఏ చోటా చేయక పోలింగ్ రోజున ప్రేక్షకులుగా మిగిలేవారు మరికొందరు. ఎన్నికల ప్రకటన వెలువడిన తరువాత కార్యాలయాల చుట్టూ తిరిగేకంటే, తీరిక ఉన్నప్పుడే నిబంధనలు తెలుసుకోవడం మేలు.

శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో ఏర్పడిన నాటి నుంచి తిరుపతి రాయలసీమకు విద్యాకేంద్రంగా ఎదిగింది. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, పశువైద్య విశ్వవిద్యాలయం, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, ఐఐటీ, ఐసర్ వంటి సంస్థలలో చదివేవారిలో అత్యధికులు బయటి ఊళ్ల వారే. రాజంపేట సమీపంలోని ఒక పల్లె నుంచి వచ్చి ఇక్కడ డిగ్రీ చదువుతున్న విద్యార్థిని ఉన్నదనుకుందాం. ఆమె తల్లిదండ్రులు, రేషన్ కార్డు, పొలం అన్నీ ఊళ్లోనే ఉన్నాయి. ఆమె మాత్రం ఏడాదిలో పది నెలలు వసతిగృహంలో ఉంటుంది. చట్టం దృష్టిలో ఆమె ఏ ఊరి మనిషి?

చట్టం ఏమంటోంది?

ఓటరుగా నమోదు కావడానికి 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 19వ సెక్షన్ రెండు ప్రధాన అర్హతలు నిర్దేశించింది. అర్హత తేదీ నాటికి 18 ఏళ్లు నిండి ఉండాలి. ఆ నియోజకవర్గంలో ‘సాధారణ నివాసి’ అయి ఉండాలి. ఎవరిని సాధారణ నివాసిగా పరిగణించాలో 20వ సెక్షన్ వివరిస్తోంది. ఒకచోట ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి అయిపోరు. అదేవిధంగా తాత్కాలికంగా ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన సొంత ఊరి నివాసి కాకుండానూ పోరు.

ఈ రెండో సూత్రమే విద్యార్థులకు అండ. చదువు కోసం వెళ్లిన వారు ఎప్పుడో ఒకప్పుడు తిరిగి ఇంటికి వచ్చేవారే కనుక సొంత ఊళ్లో ఓటు ఉంచుకోవచ్చు. ఏడాదిలో ఎక్కువ కాలం నివసించేది చదువుకునే చోటే కనుక అక్కడా నమోదు కావచ్చు. రెండింటిలో ఒకదానిని ఎంచుకునే స్వేచ్ఛను ఎన్నికల సంఘం విద్యార్థికే వదిలింది. తల్లిదండ్రుల ఓటు ఉన్నచోటే పిల్లల ఓటు ఉండాలన్న నిబంధన ఏదీ లేదు. హాస్టల్ విద్యార్థులకు ఓటు ఇవ్వరాదన్న నిబంధన కూడా లేదు.

అయితే చదువుకునే చోట నమోదు కోరేవారికి ఒక షరతు ఉంది. చదువుతున్న కోర్సు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు లేదా బోర్డులు, విశ్వవిద్యాలయాల గుర్తింపు పొందినదై, కనీసం ఏడాది కాలవ్యవధి కలిగినదై ఉండాలి. రెండు మూడు నెలల శిక్షణ కోసం వచ్చినవారు సొంత ఊళ్లోనే ఓటు ఉంచుకోవడం సముచితం.

ఏడాదికి నాలుగు అవకాశాలు

రాజ్యాంగ 61వ సవరణతో ఓటు హక్కు వయసు 21 నుంచి 18కి తగ్గి 1989 మార్చి 28 నుంచి అమలులోకి వచ్చింది. ఆ తరువాత కూడా చాలాకాలం జనవరి 1 ఒక్కటే అర్హత తేదీగా ఉండేది. జనవరి 2న పుట్టినవారు పద్దెనిమిదేళ్లు నిండినా మరో ఏడాది ఆగాల్సి వచ్చేది. 2021లో చేసిన చట్ట సవరణ ఈ లోపాన్ని సరిదిద్దింది. 2022 ఆగస్టు 1 నుంచి జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 తేదీలను అర్హత తేదీలుగా పరిగణిస్తున్నారు. పదిహేడేళ్లు నిండినవారు ముందుగానే దరఖాస్తు చేసుకునే వీలు కూడా కల్పించారు. వయసు నిండిన త్రైమాసికంలో వారి పేరు జాబితాకు ఎక్కుతుంది. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడే ఈ పని పూర్తి చేసుకుంటే, డిగ్రీలో చేరేనాటికి గుర్తింపు కార్డు చేతిలో ఉంటుంది.

ఏ ఫారం ఎవరికి?

ఇంతవరకు ఎక్కడా ఓటు లేనివారు ఫారం-6 పూరించాలి. ఇప్పటికే ఓటు ఉండి చిరునామా మార్చుకోదలచినవారు ఫారం-8 సమర్పించాలి. పూర్వం మరో నియోజకవర్గానికి మారేవారు కూడా ఫారం-6 ఇవ్వాల్సి వచ్చేది. 2022 ఆగస్టు నుంచి ఆ పద్ధతి మారింది. ఒక నియోజకవర్గం నుంచి మరో నియోజకవర్గానికి మారినా, అదే నియోజకవర్గంలో వీధి మారినా, పేరులో తప్పు దిద్దుకోవాలన్నా, పోయిన కార్డుకు బదులు మరొకటి కావాలన్నా ఫారం-8 ఒక్కటే. ఓటు మారినా గుర్తింపు కార్డు సంఖ్య మారదు.

విద్యార్థులు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. ఊళ్లో ఓటున్న సంగతి దాచి, కొత్త ఓటరుగా ఫారం-6 నింపుతారు. ఆ ఫారం చివరన ‘నా పేరు మరే జాబితాలోనూ లేదు’ అన్న వాంగ్మూలం ఉంటుంది. దానిపై సంతకం చేసేముందు ఒకసారి చదవాలి. రెండు నియోజకవర్గాలలో పేరు ఉండటాన్ని 17వ సెక్షన్, ఒకే నియోజకవర్గంలో రెండుసార్లు ఉండటాన్ని 18వ సెక్షన్ నిషేధిస్తున్నాయి. తప్పుడు వాంగ్మూలం ఇచ్చినవారికి 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఉద్యోగ ప్రయత్నాలలో ఉండే వయసులో ఇలాంటి కేసు మెడకు చుట్టుకుంటే ఎంత నష్టమో వేరే చెప్పనక్కరలేదు.

జతపరచాల్సిన పత్రాలు

ఫారం-6కు ఇటీవల తీయించుకున్న ఫొటో, వయసు ధ్రువపత్రం, నివాస ధ్రువపత్రం జతచేయాలి. వయసుకు పదో తరగతి లేదా ఇంటర్మీడియట్ ధ్రువపత్రం, జనన ధ్రువపత్రం, ఆధార్, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టులలో ఏదో ఒకటి చాలు. విద్యార్థులకు చిక్కు వచ్చేది నివాస ధ్రువపత్రం దగ్గరే. ఆధార్‌లో సొంత ఊరి చిరునామా ఉంటుంది. కరెంటు బిల్లు వసతిగృహం పేర వస్తుంది.

ఈ ఇబ్బందికి ఎన్నికల సంఘమే మార్గం చూపింది. విద్యాసంస్థ అధిపతి, అంటే ప్రిన్సిపల్, డైరెక్టర్, రిజిస్ట్రార్ లేదా డీన్ ఇచ్చే బోనఫైడ్ ధ్రువపత్రాన్ని నిర్ణీత నమూనాలో జతపరిస్తే సరిపోతుంది. ఏ కోర్సు, ఎప్పటివరకు చదువుతారు, ఎక్కడ ఉంటున్నారన్న వివరాలు అందులో స్పష్టంగా ఉండాలి. ఉపకార వేతనం కోసం ఇచ్చే మామూలు బోనఫైడ్ పత్రాన్ని తెచ్చి పెడితే తిప్పి పంపే అవకాశం ఉంది. నమూనాను ముందుగా తీసుకువెళ్లి కార్యాలయంలో ఇవ్వడం ఉత్తమం.

బయట గది అద్దెకు తీసుకున్నవారు తమ పేర ఉన్న బ్యాంకు లేదా తపాలా పాసుపుస్తకం, రిజిస్టరు చేసిన అద్దె ఒప్పందం వంటివి చూపవచ్చు. నలుగురు విద్యార్థులు కలిసి ఉండే గదికి రిజిస్టరు ఒప్పందం రాసిచ్చే యజమానులు అరుదు. కళాశాల చిరునామాతో బ్యాంకు ఖాతా తెరిచినవారికి ఆ పాసుపుస్తకమే అక్కరకు వస్తుంది. పత్రాలేవీ లేనంత మాత్రాన అర్హత పోదు. క్షేత్రస్థాయి విచారణ జరిపి నిర్ణయం తీసుకునే అధికారం ఓటరు నమోదు అధికారికి ఉంది.

దరఖాస్తు ఇచ్చాక జరిగేదేమిటి?

ఎన్నికల సంఘం ఓటర్ల సేవల పోర్టల్‌లో, లేదా నేరుగా బూత్ స్థాయి అధికారి (బీఎల్‌వో) వద్ద, లేదా నియోజకవర్గ ఓటరు నమోదు అధికారి (ఈఆర్‌వో) కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వవచ్చు. రుసుము లేదు. ఇచ్చిన వెంటనే వచ్చే సంఖ్యను రాసి పెట్టుకోవాలి. దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడానికి అదే ఆధారం. 1950 నంబరుకు ఫోన్ చేసి సందేహాలు తీర్చుకోవచ్చు.

అభ్యంతరాల కోసం ఏడు రోజుల గడువు ఇచ్చి, ఆ లోగా బీఎల్‌వో చిరునామాకు వచ్చి విచారిస్తారు. హాస్టల్ దరఖాస్తులు ఎక్కువగా ఆగిపోయేది ఈ దశలోనే. బీఎల్‌వో వచ్చేసరికి సెలవులై గదులకు తాళాలు ఉంటాయి. వార్డెన్‌కు ఫలానా విద్యార్థి ఎవరో తెలియదు. ‘చిరునామాలో లేరు’ అని రాసుకుని అధికారి వెళ్లిపోతారు. అందువల్ల పండుగ, వేసవి సెలవులకు ముందు దరఖాస్తు చేయకపోవడం మంచిది. వసతిగృహం పేరు, బ్లాకు, గది సంఖ్య, ఎప్పుడూ వాడే ఫోన్ నంబరు ఫారంలో తప్పక రాయాలి. విషయం వార్డెన్ చెవిన వేసి ఉంచాలి.

దరఖాస్తును తిరస్కరిస్తే కారణం అడిగి తెలుసుకునే హక్కు ఉంది. ఈఆర్‌వో నిర్ణయంపై 15 రోజులలోగా జిల్లా ఎన్నికల అధికారి అయిన కలెక్టరుకు, అక్కడా న్యాయం జరగలేదనుకుంటే 30 రోజులలోగా రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

నామినేషన్ల దాఖలుకు చివరి రోజు దాటిన తరువాత ఆ ఎన్నికకు కొత్త పేర్లు చేర్చరు. విచారణకు పట్టే వ్యవధిని లెక్కలోకి తీసుకుంటే ఆ తేదీకి కనీసం పది రోజుల ముందు దరఖాస్తు అందాలి. ‘పోలింగ్‌కు ఇంకా నెల ఉంది కదా’ అనుకునేవారు అవకాశం కోల్పోయేది ఇందుకే.

రోడ్డుకు ఇటు ఒకటి, అటు ఒకటి

చిరునామా రాసేటప్పుడు నియోజకవర్గం సరిచూసుకోవాలి. తిరుపతిలో చదువుతున్నామని అందరూ తిరుపతి శాసనసభ స్థానాన్నే ఎంచుకుంటే పొరపాటే. తిరుపతి గ్రామీణ మండలం చంద్రగిరి నియోజకవర్గంలోకి వస్తుంది. చంద్రగిరి చిత్తూరు లోక్‌సభ స్థానంలో భాగం. ఏర్పేడు మండలంలోని ఐఐటీ, ఐసర్ విద్యార్థులు శ్రీకాళహస్తి నియోజకవర్గ ఓటర్లవుతారు. నగరంలోని వసతిగృహం విడిచి శివారులోని గదికి మారిన విద్యార్థికి ఎమ్మెల్యే అభ్యర్థులే కాదు, ఎంపీ అభ్యర్థులు కూడా మారిపోవచ్చు. పక్క ఇంటివారి ఓటరు కార్డు చూసి అసెంబ్లీ నియోజకవర్గం, పోలింగ్ కేంద్రం తెలుసుకోవడం తేలిక మార్గం.

ఎక్కడ ఉంచుకుంటే మేలు?

దీనికి ఒకే సమాధానం లేదు. ఎవరి లెక్క వారిది. సొంత ఊళ్లో ఓటుంటే పంచాయతీ ఎన్నికల్లోనూ పాల్గొనవచ్చు. శాసనసభ ఓటర్ల జాబితా ఆధారంగానే గ్రామ పంచాయతీ జాబితా తయారవుతుంది కనుక, ఓటు నగరానికి మార్చుకున్నవారికి ఊళ్లో సర్పంచ్ ఎన్నికలో ఓటుండదు. 21 ఏళ్లు నిండి వార్డు సభ్యత్వానికో, సర్పంచ్ పదవికో పోటీ చేయదలచినవారి పేరు ఆ గ్రామ జాబితాలో ఉండి తీరాలి. ఊరి రాజకీయాల్లో ఆసక్తి గల యువకులు ఈ సంగతి మరువరాదు.

మరోవైపు పోలింగ్ రోజున ఊరికి చేరడం అంత తేలిక కాదు. 2024 మే 13న రెండు తెలుగు రాష్ట్రాల్లో పోలింగ్ జరిగినప్పుడు హైదరాబాద్ నుంచి సొంత ఊళ్లకు బయలుదేరిన వారితో బస్సులు, రైళ్లు కిక్కిరిశాయి. విజయవాడ రహదారి వాహనాలతో నిండిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 81.86 శాతం పోలింగ్ నమోదు కాగా, హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో అది 50 శాతానికి కూడా చేరలేదు. రానుపోను ఛార్జీలు, పరీక్షల తేదీలు లెక్క వేసుకుని, ప్రతిసారీ ఊరికి వెళ్లగలమన్న నమ్మకం లేనివారు చదువుకునే చోట ఓటు ఉంచుకోవడమే మంచిది.

విద్యార్థులకు పోస్టల్ బ్యాలెట్ సౌకర్యం లేదు. సొంత నియోజకవర్గానికి దూరంగా ఉన్నవారు ఉన్నచోటి నుంచే ఓటు వేసేందుకు ‘రిమోట్’ ఓటింగ్ యంత్రాన్ని రూపొందించినట్లు ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించి, 2023 జనవరిలో రాజకీయ పక్షాలను ప్రదర్శనకు పిలిచింది. 2024 సార్వత్రిక ఎన్నికల్లో మాత్రం దానిని వినియోగించలేదు.

ఓటు మార్చుకుంటే ప్రవేశాలు, ఉద్యోగాలలో స్థానికత పోతుందన్న భయం కొందరు తల్లిదండ్రులలో ఉంది. రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం స్థానికతను ప్రధానంగా చదివిన సంవత్సరాలను బట్టి నిర్ణయిస్తారు. ఓటరు కార్డును బట్టి కాదు.

ఖాళీగా ఉన్న ఓటుకు కాపలా

ఊళ్లో ఓటు ఉంచుకున్నవారు దానిని కాపాడుకోవడం కూడా నేర్చుకోవాలి. ఇంటింటి పరిశీలన జరిగేటప్పుడు ‘అబ్బాయి ఇక్కడ లేడు, తిరుపతిలో ఉన్నాడు’ అని ఇంట్లోవారు చెప్పే మాట, వలస వెళ్లినట్లు నమోదయ్యే ప్రమాదం ఉంది. ‘చదువు కోసం వెళ్లాడు, ఓటు ఇక్కడే’ అని స్పష్టంగా చెప్పమని ఇంట్లోవారికి నేర్పాలి.

బీహార్‌లో 2025లో జరిగిన ప్రత్యేక సమగ్ర సవరణలో ఆగస్టు 1న ప్రకటించిన ముసాయిదా జాబితాలో అంతకుముందున్న పేర్లలో దాదాపు 65 లక్షలు కనిపించలేదు. మరణించినవారు, రెండుచోట్ల పేరున్నవారితో పాటు, ఊరు విడిచి వెళ్లినవారు, ఇంటివద్ద లేనివారు అన్న పద్దు కింద తొలగించినవీ అందులో ఉన్నాయి. అదే ఏడాది నవంబరు నుంచి తమిళనాడు, కేరళ సహా 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో ఈ సవరణ చేపట్టారు. చెన్నైలో చదువుతూ అక్కడే ఓటు నమోదు చేయించుకున్న తెలుగు విద్యార్థులు తమ పేరు ఉన్నదీ లేనిదీ చూసుకోవడం అవసరం. ముసాయిదా జాబితా వెలువడినప్పుడల్లా ఐదు నిమిషాలు వెచ్చిస్తే పేరు సరిచూసుకోవచ్చు. పోయిన పేరును తిరిగి చేర్చుకునే గడువు కూడా అప్పుడే ఉంటుంది.

మరో ప్రమాదం కూడా ఉంది. ఊళ్లో లేనివారి ఓటును మరొకరు వేసే అవకాశం. 2021 ఏప్రిల్ 17న తిరుపతి లోక్‌సభ స్థానానికి జరిగిన ఉప ఎన్నికలో దొంగ ఓట్ల ఆరోపణలు పెద్ద దుమారమే రేపాయి. పోలింగ్ కేంద్రానికి వెళ్లేసరికి మన ఓటు ఎవరో వేసేశారని తేలితే నిరాశతో వెనుదిరగనవసరం లేదు. గుర్తింపు నిరూపించుకుని ‘టెండర్డ్ ఓటు’ అడగాలి. ప్రిసైడింగ్ అధికారి బ్యాలెట్ పత్రం ఇచ్చి ఆ ఓటును విడిగా భద్రపరుస్తారు.

పోలింగ్ కేంద్రంలో కళాశాల గుర్తింపు కార్డు చెల్లదు. 2024 ఎన్నికల్లో ఓటరు కార్డుకు ప్రత్యామ్నాయంగా అనుమతించిన పత్రాల జాబితాలో ఆధార్, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న పాసుపుస్తకం వంటివి ఉన్నాయి గానీ విద్యార్థి కార్డు లేదు. రాత్రి బస్సెక్కి ఊరికి వెళ్లేవారు ఈ ఒక్క కారణంతో ఓటు పోగొట్టుకోరాదు.

విదేశాల్లో ఉంటే...

అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాలలో చదువుకుంటున్నవారు ఆ దేశ పౌరసత్వం తీసుకోనంతవరకు ఫారం-6ఏ ద్వారా ప్రవాస ఓటరుగా నమోదు కావచ్చు. పాస్‌పోర్టులో ఉన్న భారతదేశ చిరునామాయే వారి నియోజకవర్గాన్ని నిర్ణయిస్తుంది. వీరికి ఓటరు కార్డు ఇవ్వరు. పోలింగ్ రోజున స్వయంగా వచ్చి అసలు పాస్‌పోర్టు చూపి ఓటు వేయాలి.

పరిశోధక విద్యార్థులకు మరో ఓటు

డిగ్రీ పూర్తయి మూడేళ్లు గడచినవారు శాసనమండలి పట్టభద్రుల నియోజకవర్గంలోనూ ఓటు పొందవచ్చు. దీనికి ఫారం-18 సమర్పించాలి. అర్హత తేదీ నవంబరు 1. తిరుపతి ప్రాంతం ప్రకాశం-నెల్లూరు-చిత్తూరు పట్టభద్రుల నియోజకవర్గంలో ఉంది. శాసనసభ జాబితాలో పేరున్నంత మాత్రాన ఇందులో చేరదు. ఎన్నిక వచ్చిన ప్రతిసారీ జాబితా కొత్తగా తయారవుతుంది కనుక, గతంలో ఓటు వేసినవారు కూడా మళ్లీ దరఖాస్తు చేయాలి.

ఒక్క ఓటుతో ఏమవుతుంది?

అనకాపల్లి లోక్‌సభ స్థానంలో 1989లో గెలుపోటముల మధ్య తేడా 9 ఓట్లు. విజయవాడ సెంట్రల్ శాసనసభ స్థానంలో 2019లో ఆ తేడా 25 ఓట్లు. ఒక వసతిగృహంలోని ఒక అంతస్తులో ఉండే విద్యార్థుల సంఖ్య అంతకంటే ఎక్కువే.

రాజంపేట నుంచి వచ్చిన మన విద్యార్థిని విషయానికి వస్తే, ఆమె ఏ ఊరిని ఎంచుకున్నా చట్టం కాదనదు. రెండు ఊళ్లనూ ఎంచుకుంటే ఒప్పుకోదు. ఏ ఊరినీ ఎంచుకోకపోతే నష్టం ఆమెదే.

గుర్తుంచుకోవాల్సినవి

* తొలిసారి ఓటుకు ఫారం-6, చిరునామా మార్పునకు ఫారం-8.
* హాస్టల్ చిరునామాకు విద్యాసంస్థ అధిపతి ఇచ్చే బోనఫైడ్ ధ్రువపత్రం నిర్ణీత నమూనాలో ఉండాలి.
* రెండుచోట్ల పేరు ఉండటం నేరానికి దారితీస్తుంది. పాత ఓటు సంగతి దాచరాదు.
* నామినేషన్ల చివరి తేదీకి కనీసం పది రోజుల ముందు దరఖాస్తు అందాలి.
* చదువు పూర్తయి గది ఖాళీ చేసేటప్పుడు ఓటును కూడా మార్చుకోవాలి. లేకుంటే అది ఖాళీ గదిలోనే ఉండిపోతుంది.
* సందేహాలకు 1950 నంబరు.